శిశువుల నిద్ర ప్రణాళిక పత్రం: కాలిఫోర్నియాలో ఇంటి డేకేర్ నడిపేవారూ తల్లిదండ్రులూ తరచుగా అడిగే ప్రశ్నలు

ఫ్రీమాంట్, సన్నీవేల్, శాన్ రామోన్, డబ్లిన్ వంటి ఊళ్లలో ఇంట్లోనే డేకేర్ నడుపుతున్న తెలుగు మహిళలు ఎందరో ఉన్నారు. సెలవు ముగిసి ఉద్యోగంలో చేరవలసిన తల్లి, వీసా గడువు తీరి హైదరాబాదుకో విజయవాడకో తిరిగి వెళ్లిపోయిన అమ్మమ్మ, నాలుగైదు నెలల పసిబిడ్డ: ఈ పరిస్థితిలో తమ భాష మాట్లాడే ఇల్లు దొరికితే ఆ కుటుంబానికి ఎంతో ఊరట. అయితే అంత చిన్న బిడ్డను చేర్చుకునేటప్పుడు లైసెన్సింగ్ శాఖ కోరే కాగితాలలో అన్నిటికంటే ఎక్కువ సందేహాలు కలిగించేది నిద్ర ప్రణాళిక పత్రమే. దాని గురించి నిర్వాహకులూ తల్లిదండ్రులూ పదే పదే అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాము. ఇవి కాలిఫోర్నియా రాష్ట్రపు నియమాలు. ఇతర రాష్ట్రాలలో పత్రాలూ వయోపరిమితులూ వేరుగా ఉంటాయి కనుక అక్కడివారు తమ రాష్ట్ర శాఖను సంప్రదించాలి.

ఈ నిద్ర ప్రణాళిక పత్రం అంటే ఏమిటి? దీన్ని ఎవరు అడుగుతారు?

కాలిఫోర్నియా సామాజిక సేవల శాఖలోని కమ్యూనిటీ కేర్ లైసెన్సింగ్ విభాగం ఇంటి డేకేర్లకు లైసెన్సులు ఇచ్చి పర్యవేక్షిస్తుంది. ఆ విభాగం రూపొందించిన ‘ఇండివిడ్యువల్ ఇన్‌ఫెంట్ స్లీపింగ్ ప్లాన్’ అనే పత్రం సంఖ్య ఎల్‌ఐసీ 9227. రాష్ట్ర నిబంధనావళి 22వ శీర్షికలోని 102425వ సెక్షను ఇంటి డేకేర్లలో శిశువుల సురక్షిత నిద్రకు సంబంధించినది. 2020లో వచ్చిన ఆ నిబంధనలతోనే ఈ పత్రం తప్పనిసరి అయింది. ఒక్కొక్క బిడ్డకూ విడివిడిగా ఒక్కొక్క పత్రం ఉండాలి. కవలలైనా సరే, ఇద్దరికీ కలిపి ఒకే కాగితం రాయడం కుదరదు, ఎందుకంటే ఒకరు దొర్లడం నేర్చిన రోజుకు రెండోవారు నేర్చి ఉండకపోవచ్చు.

పాత పత్రాన్ని నకళ్లు తీసి ఏళ్ల తరబడి వాడుకోకుండా, కొత్త బిడ్డ చేరిన ప్రతిసారీ శాఖ వెబ్‌సైటు నుంచి తాజా పత్రాన్ని దించుకోవడం మంచిది.

నాకు లైసెన్సు లేదు. స్నేహితురాలి పాపను మాత్రమే చూసుకుంటున్నాను. నేను కూడా ఈ పత్రం రాయాలా?

కాలిఫోర్నియాలో మీ సొంత పిల్లలు కాక ఒకే ఒక్క కుటుంబానికి చెందిన పిల్లలను చూసుకుంటున్నట్లయితే లైసెన్సు అవసరం లేదు. కాబట్టి ఈ పత్రం మీకు చట్టపరంగా వర్తించదు. రెండో కుటుంబానికి చెందిన బిడ్డ చేరిన రోజున లెక్క మారుతుంది, లైసెన్సు కావలసి వస్తుంది. అయినా ఒక మాట చెప్పాలి. నిద్రలో శిశువుకు వచ్చే ప్రమాదం మీకు లైసెన్సు ఉందో లేదో చూసి రాదు. మీరు ఏ అధికారికీ జవాబుదారీ కాకపోయినా, ఆ పత్రంలోని ప్రశ్నలను స్నేహితురాలితో కూర్చుని ఒకసారి మాట్లాడుకోవడం ఇద్దరికీ మేలు చేస్తుంది.

ఏ వయసు పిల్లలకు రాయాలి? కొందరు పన్నెండు నెలలని, కొందరు ఇరవై నాలుగు నెలలని చెబుతున్నారు.

రెండు సంఖ్యలూ నిజమైనవే, కానీ రెండు వేర్వేరు కాగితాలకు సంబంధించినవి. నిద్ర ప్రణాళిక పత్రం 12 నెలల లోపు పిల్లలకు ఉండాలి. నిద్రపోతున్న బిడ్డను ప్రతి 15 నిమిషాలకూ స్వయంగా చూసి నమోదు చేయవలసిన పట్టిక మాత్రం 24 నెలల వరకు ఉండాలి, ఎందుకంటే ఇంటి డేకేర్ల నిబంధనలలో రెండేళ్లు నిండని ప్రతి బిడ్డా శిశువు కిందే లెక్క. మొదటి పుట్టినరోజు కాగానే రెండు కాగితాలూ ఆపేయడం చాలా ఇళ్లలో జరిగే పొరపాటు.

పత్రాన్ని ఎప్పటిలోగా పూర్తి చేయాలి?

బిడ్డ మీ ఇంట్లో మొదటిసారి కన్ను మూయకముందే పూర్తి చేయాలి. ‘ఈ వారం అలవాటు పడనివ్వండి, వచ్చే వారం సంతకం చేస్తాం’ అని తల్లిదండ్రులు అన్నప్పుడు మొహమాటపడి ఊరుకోకండి. కొత్త చోటుకు వచ్చిన తొలి రోజులలోనే జాగ్రత్త ఎక్కువ కావాలి. కొత్త మనుషులు, కొత్త గది, కొత్త పడక వల్ల బిడ్డ సరిగా నిద్రపోదు. ఏడుపు మాన్పించడానికి ఎవరో ఒకరు అలవాటు లేని భంగిమలో పడుకోబెట్టే అవకాశం కూడా అప్పుడే ఎక్కువ. ఎప్పుడూ వెల్లకిలా పడుకునే బిడ్డను ఒక్కసారిగా బోర్లా పడుకోబెడితే, రోజూ బోర్లా పడుకునే బిడ్డకంటే కూడా ఎక్కువ ప్రమాదమని శిశువైద్యులు చాలాకాలంగా హెచ్చరిస్తున్నారు.

బిడ్డను రోజూ దించి వెళ్లేది అమ్మమ్మ. ఆమె సంతకం చేస్తే సరిపోతుందా?

సరిపోదు. పత్రంపై సంతకం చేయవలసింది బిడ్డకు చట్టప్రకారం అధికారం ఉన్న ప్రతినిధి, అంటే తల్లి, తండ్రి లేదా న్యాయస్థానం నియమించిన సంరక్షకులు. బిడ్డను దించడానికీ తీసుకెళ్లడానికీ అమ్మమ్మకు అనుమతి ఉండవచ్చు, కానీ దానితో ఈ సంతకం చేసే అధికారం రాదు. అయితే ఇంట్లో బిడ్డ ఎలా నిద్రపోతోందో అందరికంటే బాగా తెలిసినది చాలాసార్లు ఆ పెద్దావిడకే. కాబట్టి పత్రం నింపే రోజున ఆమెనూ కూర్చోబెట్టి అడగండి, సంతకం మాత్రం తల్లిదండ్రుల చేత చేయించండి. సంతకం పక్కన తేదీ లేకపోతే ఆ పత్రం అసంపూర్ణమే.

పత్రంలో ఏయే వివరాలు రాయాలి? ఇంట్లో బిడ్డ మా పక్కలోనే పడుకుంటుందని రాస్తే ఇబ్బంది అవుతుందా?

ప్రధానంగా మూడు విషయాలు రాయాలి: బిడ్డ నిద్ర అలవాట్లు, ఇంట్లో మామూలుగా పడుకునే చోటు, దొర్లగలిగే సామర్థ్యం. పాసిఫైయర్ (పాలు రాని నోటి పీక) వాడుతుందా లేదా అన్నది కూడా అలవాట్లలో భాగమే.

ఇంట్లో తల్లి పక్కలో పడుకుంటుందని, చీర ఉయ్యాలలో ఊపితేనే నిద్రపోతుందని, నాయనమ్మ భుజం మీద జోకొడితేనే కన్ను మూస్తుందని నిజం రాసినందుకు తల్లిదండ్రులను ఎవరూ తప్పుపట్టరు. ఈ పత్రం మీ ఇంటిని తనిఖీ చేయడానికి రాదు. నిజం దాచి ‘క్రిబ్‌లో (చుట్టూ కమ్మీలున్న శిశువు మంచంలో) వెల్లకిలా పడుకుంటుంది’ అని రాస్తే నష్టపోయేది బిడ్డే. క్రిబ్ అలవాటే లేని బిడ్డను క్రిబ్‌లో ఒక్కసారిగా పడుకోబెట్టినప్పుడు ఎందుకు అంతగా ఏడుస్తోందో నిర్వాహకురాలికి అర్థం కాదు. అదే ముందుగా తెలిస్తే, చేరడానికి రెండు వారాల ముందు నుంచే పగటి నిద్రను ఇంట్లో కూడా క్రిబ్‌లోనే అలవాటు చేయమని ఆమె తల్లికి చెప్పగలదు. చేరే ముందు జరిగే ఈ సంభాషణే ఈ పత్రం వల్ల కలిగే అసలు ప్రయోజనమని నా నమ్మకం.

ఇంకొకటి గుర్తుంచుకోవాలి. ఇంట్లో అలవాటు ఏదైనా, దాన్ని పత్రంలో రాసినంత మాత్రాన డేకేర్‌లో అనుమతి లభించదు. అక్కడ పన్నెండు నెలల లోపు శిశువును క్రిబ్‌లో గాని ప్లే యార్డ్‌లో (మడిచి పెట్టుకోగల జాలీ గోడల పడకలో) గాని వెల్లకిలానే పడుకోబెట్టాలి.

మా పాప బోర్లా పడిందని బొబ్బట్లు కూడా పంచాము. ఇక బోర్లా పడుకోనివ్వవచ్చు కదా?

ఈ ప్రశ్నకు సమాధానం కొంచెం ఓపికగా చదవాలి, ఎందుకంటే పత్రంలో అందరూ తడబడేది ఇక్కడే.

బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు పంచడం మన ఇళ్లలో వేడుక. మనం పండుగ చేసుకునే ఆ ఘట్టం వెల్లకిలా ఉన్న బిడ్డ బోర్లా తిరగడం. పత్రం అడిగేది అంతకంటే ఎక్కువ. వెల్లకిలా నుంచి బోర్లా తిరగడమే కాక, బోర్లా ఉన్నప్పుడు తనంతట తానుగా మళ్లీ వెల్లకిలా తిరగడం కూడా రావాలి. చాలామంది పిల్లలకు ఈ రెండూ ఒకే రోజు రావు. ఒక వైపు తిరగడం వచ్చి రెండోది రాని ఆ మధ్యకాలమే జాగ్రత్తగా చూడవలసిన కాలం. బోర్లా తిరిగిన బిడ్డ ముఖం పరుపుకు ఆనితే, తల ఎత్తి పక్కకు తిప్పుకునే బలం గాని, వెనక్కు దొర్లే ఒడుపు గాని అప్పటికింకా ఉండదు.

రెండు వైపులా దొర్లడం వచ్చిందని తల్లిదండ్రులు గమనించినప్పుడు పత్రంలో దానికి కేటాయించిన భాగంలో సంతకం చేసి తేదీ వేయాలి. ఆ సంతకం ఉన్న తరువాత కూడా నిర్వాహకురాలు బిడ్డను పడుకోబెట్టడం మాత్రం వెల్లకిలానే. ఆ తరువాత బిడ్డ తనంతట తాను ఏ వైపు తిరిగి పడుకున్నా అలాగే ఉండనివ్వవచ్చు. ఆ సంతకం లేనంతవరకు, బిడ్డ నిద్రలో బోర్లా తిరిగినట్లు కనిపిస్తే మెల్లగా మళ్లీ వెల్లకిలా తిప్పాలి. ‘నిన్న మా ఇంట్లో రెండు వైపులా దొర్లింది’ అని తల్లి ఫోనులో చెప్పినా, వాట్సాప్‌లో వీడియో పంపినా అది సంతకంతో సమానం కాదు.

ఒక్కోసారి బిడ్డ మొదటిసారి దొర్లేది డేకేర్‌లోనే. తల్లిదండ్రులు చూడకముందే నిర్వాహకురాలు చూస్తుంది. దాన్ని నమోదు చేయడానికి పత్రంలో నిర్వాహకురాలికి వేరే భాగం ఉంది. గమనించిన తేదీ అందులో రాసి, అదే రోజు సాయంత్రం బిడ్డను తీసుకెళ్లడానికి వచ్చినప్పుడు తల్లిదండ్రులకు చెప్పి, వారి భాగంలో సంతకం కోరండి. వారు ఇంట్లో ఇంకా చూడలేదని, నాలుగు రోజులు ఆగి సంతకం చేస్తామని అంటే అది వారి హక్కు. అంతవరకు మీరు వెల్లకిలా తిప్పుతూనే ఉండాలి.

వెల్లకిలా పడుకోబెడితే పాలు కక్కినప్పుడు పొలమారదా? మా అత్తగారు ఇదే భయంతో ఒప్పుకోవడం లేదు.

ఈ భయం మన ఇళ్లలోనే కాదు, అన్ని దేశాలలోనూ తరతరాలుగా ఉన్నది. అందుకే పెద్దలను కొట్టిపారేయకుండా కారణం వివరించాలి. వెల్లకిలా ఉన్నప్పుడు గాలిగొట్టం పైన, అన్నవాహిక దాని కింద ఉంటాయి. కడుపులోంచి తిరిగి వచ్చిన పాలు పైనున్న గాలిగొట్టంలోకి ఎక్కడం కష్టం. బిడ్డ సహజంగానే మింగుతుంది లేదా దగ్గి బయటకు తోస్తుంది. బోర్లా ఉన్నప్పుడు ఈ అమరిక తలకిందులై గాలిగొట్టం కిందికి వస్తుంది కనుక పాలు దానిలోకి జారడానికే వీలు ఎక్కువ. పాలు తరచుగా కక్కే పిల్లలను కూడా వెల్లకిలానే పడుకోబెట్టమని అమెరికన్ శిశువైద్యుల అకాడమీ చెబుతోంది.

ఆ అకాడమీ వెల్లకిలా నిద్రను సిఫారసు చేయడం మొదలుపెట్టింది 1992లో. 1994లో అమెరికా అంతటా ‘బ్యాక్ టు స్లీప్’ ప్రచారం ప్రారంభమైంది. ఆ తరువాతి దశాబ్దంలో, నిద్రలో కారణం తెలియకుండా ఆకస్మికంగా మరణించే శిశువుల రేటు దాదాపు సగానికి తగ్గింది. అయినా నేటికీ ఆ దేశంలో ఏటా సుమారు 3,500 మంది శిశువులు నిద్రకు సంబంధించిన కారణాలతో మరణిస్తున్నారు. ఆకస్మిక మరణాలు ఎక్కువగా జరిగేది ఒకటి నుంచి నాలుగు నెలల వయసులో, అంటే చాలామంది తల్లులు తిరిగి ఉద్యోగంలో చేరి బిడ్డను డేకేర్‌కు అప్పగించే రోజులలో. ఈ మాట అత్తగారికి నెమ్మదిగా చెప్పండి. మనవరాలి మీద ప్రేమతోనే ఆమె భయపడుతున్నారు కనుక, ఆ ప్రేమతోనే వింటారు.

తల్లిదండ్రులే ‘మా బాబును బోర్లా పడుకోబెట్టండి, బాధ్యత మాది’ అని రాసి సంతకం చేసి ఇస్తే?

ఆ కాగితానికి విలువ లేదు. పన్నెండు నెలల లోపు బిడ్డను వెల్లకిలా కాక మరో విధంగా పడుకోబెట్టడానికి ఒకే ఒక్క మార్గం వైద్యపరమైన మినహాయింపు. దానిపై లైసెన్సు ఉన్న వైద్యుడు సంతకం చేయాలి. బిడ్డను ఏ భంగిమలో, ఎలా పడుకోబెట్టాలో స్పష్టమైన సూచనలు, ఆ మినహాయింపు ఎంతకాలం వర్తిస్తుందన్న గడువు, వైద్యుని సంప్రదింపు వివరాలు, సంతకం, తేదీ అందులో ఉండాలి. గడువు రాయని ఉత్తరాన్ని తిప్పి పంపి మళ్లీ రాయించుకోండి. ఇండియాలో ఉన్న బంధువైన డాక్టరు వాట్సాప్‌లో పంపిన సలహా ఇందుకు పనికిరాదు. మినహాయింపు ఉత్తరాన్ని నిద్ర ప్రణాళికతో కలిపి బిడ్డ ఫైలులోనే ఉంచాలి, గడువు తీరగానే వెల్లకిలా పద్ధతికి తిరిగి రావాలి.

ఆవాల దిండు, పొత్తిళ్లు, చిన్న దుప్పటి, దిష్టి తాడు: వీటిలో ఏది అనుమతిస్తారు?

నిద్రపోయే వేళ ఏదీ కుదరదు. క్రిబ్‌లోనూ ప్లే యార్డ్‌లోనూ విడి వస్తువులు ఏవీ ఉండకూడదు. తల గుండ్రంగా రావడానికి పెట్టే ఆవాల దిండు, దుప్పటి, మెత్తటి బొమ్మలు, అంచుల చుట్టూ కట్టే మెత్తలు అన్నీ ఈ నిషేధంలోకి వస్తాయి. క్రిబ్ పైన వేలాడే బొమ్మలు, పక్కలకు తగిలించినవి కూడా ఉండకూడదు. అంచు మెత్తల విషయానికి వస్తే, 2022లో వచ్చిన ఫెడరల్ చట్టం వాటి తయారీని, అమ్మకాన్ని దేశమంతటా నిషేధించింది. ఏటవాలుగా ఉండే శిశువుల పడకలను కూడా అదే చట్టం నిషేధించింది. కాబట్టి ఎవరైనా ప్రేమతో ఇచ్చిన పాత సామాను ఇంట్లో ఉంటే పక్కన పెట్టేయండి.

డేకేర్‌లో బిడ్డను పొత్తిళ్లలో చుట్టడం నిషిద్ధం. చేతులు బిగుసుకుపోతే బోర్లా తిరిగినప్పుడు బిడ్డ తనను తాను కాపాడుకోలేదు. తలకు టోపీ గాని, తలను కప్పే మరేదైనా గుడ్డ గాని నిద్రలో ఉండకూడదు. చలిగా ఉందనుకుంటే చేతులు స్వేచ్ఛగా కదిలేలా ఉండి, బరువు నింపని స్లీప్ శాక్‌ను (సంచిలాంటి నిద్ర దుస్తును) తొడుక్కునే బట్టలాగా వాడమని తల్లిదండ్రులకు సూచించండి. పాసిఫైయర్ ఇవ్వవచ్చు, కానీ దానికి తాడు, క్లిప్పు, బొమ్మ ఏదీ తగిలించి ఉండకూడదు.

మెడలో దిష్టి కోసం కట్టిన నల్లదారం, పూసల గొలుసు నిద్రలో గొంతుకు బిగుసుకునే ప్రమాదం ఉంది. చేరే రోజునే ఈ సంగతి మాట్లాడుకుని, పడుకోబెట్టే ముందు తీసేస్తామని తల్లిదండ్రులకు తెలియజేయండి. చెప్పకుండా తీస్తే నొచ్చుకునేవారు ఉంటారు, చెప్పి తీస్తే దాదాపు అందరూ అంగీకరిస్తారు.

ఎలాంటి క్రిబ్ ఉండాలి? ఇద్దరు పిల్లలు వంతులవారీగా వాడుకోవచ్చా?

క్రిబ్ ఎక్కి దిగలేని ప్రతి శిశువుకూ ఒక్కొక్క క్రిబ్ గాని ప్లే యార్డ్ గాని ఉండాలి. పరుపు గట్టిగా ఉండాలి. దాని కొలతకు సరిపోయి, బిగుతుగా పట్టి, అంచులు పరుపు కిందికి మడిచి ఊడిపోకుండా ఉండే షీటు వేయాలి. తడిసినా మాసినా వెంటనే మార్చాలి. క్రిబ్‌లు గది దారికి అడ్డంగా ఉండకూడదు. పక్క దించే పాత రకం క్రిబ్‌లను 2011 జూన్ 28 నుంచి అమలైన ఫెడరల్ ప్రమాణాలు నిషేధించాయి. డేకేర్లకు పాతవి మార్చుకోవడానికి 2012 డిసెంబరు 28 వరకు గడువిచ్చారు. సెకండ్‌హ్యాండ్‌లో కొనేవారు తయారీ తేదీ చూడకుండా కొనకండి.

పదిహేను నిమిషాల పట్టికను ఎలా రాయాలి? అంత తరచుగా వెళ్తే పిల్లలు లేచిపోరా?

నిద్రపోతున్న ప్రతి శిశువు దగ్గరకు పదిహేను నిమిషాలకు ఒకసారి వెళ్లి చూడాలని నిబంధన. దూరం నుంచి తొంగి చూసి రావడం దీని ఉద్దేశం కాదు. ఊపిరి కష్టంగా తీస్తోందా, చర్మం ఎర్రబారిందా, ఒళ్లు వేడెక్కిందా, అస్థిమితంగా కదులుతోందా అన్నవి గమనించాలి. మెల్లగా వెళ్లి వంగి చూసినంత మాత్రాన పిల్లలు లేవరు, కొన్నాళ్లకు ఆ అలికిడికి అలవాటు పడతారు.

పట్టికలో బిడ్డ పేరు, తేదీ, చూసిన ప్రతిసారీ సమయం, చూసినవారి పొడి అక్షరాలు ఉండేలా చూసుకోండి. బిడ్డ ఏ భంగిమలో ఉందో కూడా ఒక గడిలో రాస్తే, దొర్లే భాగాన్ని పూర్తిచేయవలసి వచ్చినప్పుడు అది మంచి ఆధారంగా నిలుస్తుంది. గంటన్నర నిద్రకు ఒక్క బిడ్డకే ఆరు నమోదులు అవుతాయి. శిశువులను మాత్రమే చూసుకునే చిన్న లైసెన్సు డేకేర్‌లో నలుగురి వరకు ఉండవచ్చు, పన్నెండు మంది పిల్లలున్న పెద్ద లైసెన్సు డేకేర్‌లో కూడా నలుగురి వరకే శిశువులు ఉండవచ్చు. నలుగురూ వేర్వేరు వేళలలో పడుకుంటే రోజంతా ఈ పని ఉంటుంది. అందుకే వంటింట్లో టైమరు పెట్టుకోవడం, ప్రతి క్రిబ్‌కు దగ్గరలో గోడకు ఒక క్లిప్‌బోర్డు తగిలించి ఉంచడం వంటి ఏర్పాట్లు లేకుండా జ్ఞాపకం మీద ఆధారపడవద్దు.

సాయంత్రం కూర్చుని ఒంటిగంట, ఒంటిగంటా పావు, ఒంటిగంటన్నర అని వరుసగా నింపేయడం మాత్రం ఎన్నటికీ చేయవద్దు. అలా నింపిన పట్టిక ఒకే కలంతో, ఒకే చేతి ఊపుతో, ఒక్క నిమిషమైనా అటూ ఇటూ లేకుండా ఉంటుంది కనుక చూడగానే తెలిసిపోతుంది. తెలిసిపోతుందన్న భయం కంటే ముఖ్యమైన కారణం మరొకటి ఉంది. ఆ పట్టిక ఉన్నది మీరు నిజంగా బిడ్డ దగ్గరకు వెళ్లేలా చేయడానికి. చూడకుండా రాసిన గడి ఆ బిడ్డను కాపాడదు. ఒకసారి ఇరవై రెండు నిమిషాలకు వెళ్లగలిగితే ఇరవై రెండు అనే రాయండి, ఎందుకు ఆలస్యమైందో సరిచేసుకోండి.

బేబీ మానిటర్, కెమెరా ఉన్నాయి. అవి చాలవా?

అవి అదనపు సహాయమే గాని మనిషి వెళ్లి చూడడానికి బదులు కావు. ఒళ్లు వేడెక్కడం, చర్మం రంగు మారడం కెమెరాలో సరిగా తెలియవు. పిల్లలు వేరే గదిలో పడుకుంటే ఆ గది తలుపు తెరిచే ఉంచాలి, బిడ్డ లేస్తే వినపడేంత దగ్గరలో మీరు ఉండాలి.

బిడ్డ కారు సీటులోనే నిద్రపోయి వచ్చింది. లేపడం ఇష్టం లేదు. ఏం చేయాలి?

వీలైనంత త్వరగా క్రిబ్‌లోకి మార్చాలి. కారు సీటు, స్వింగ్, బౌన్సర్ ఏవీ నిద్రకు ఉద్దేశించినవి కావు. వాటిలో తల ముందుకు వాలి గడ్డం ఛాతీకి ఆనితే సన్నని గాలిదారి మూసుకుపోవచ్చు. ఒడిలో నిద్రపోయిన బిడ్డకూ ఇదే నియమం. మార్చిన సమయాన్నే పట్టికలో తొలి నమోదుగా రాయండి. అలాగే, పత్రంలో పది గంటలకు నిద్ర అని రాసి ఉన్నంత మాత్రాన ఆ వేళకు బలవంతంగా పడుకోబెట్టకూడదు. నిద్ర వస్తున్న బిడ్డను బలవంతంగా మెలకువగా ఉంచడం కూడా తప్పే.

లైసెన్సింగ్ అధికారి వచ్చినప్పుడు ఏం చూస్తారు?

వారు ముందుగా చెప్పకుండానే వస్తారు. క్రిబ్‌లు, గది, పిల్లలు పడుకున్న తీరు చూసి, ఆ తరువాత ఫైళ్లు అడుగుతారు. ఫైలులో నిద్ర ప్రణాళిక ఉందా, తేదీలూ సంతకాలూ ఉన్నాయా, బోర్లా పడుకున్న బిడ్డకు దొర్లే భాగం పూర్తయిందా, పదిహేను నిమిషాల పట్టికలు ఉన్నాయా అన్నవి చూస్తారు. లోపం కనిపిస్తే దాన్ని ‘టైప్ ఏ’, ‘టైప్ బీ’ అని వర్గీకరించి రాస్తారు. పిల్లల ఆరోగ్యానికి తక్షణ ప్రమాదం కలిగించేది మొదటి రకం. మొదటి రకం లోపం రాసిన నివేదికను ముప్పై రోజులు ఇంట్లో అందరికీ కనిపించేలా అతికించాలి, తల్లిదండ్రులకు ప్రతి ఇచ్చి అందినట్లు సంతకం తీసుకోవాలి.

తనిఖీ రోజున కంగారుపడి ఫోను చేసి సంతకాలు పెట్టించడం కంటే, నెలకోసారి శిశువుల ఫైళ్లన్నీ తీసి చూసుకునే అలవాటు ఎంతో మేలు. ఎమర్జెన్సీ సమాచార పత్రం ఎల్‌ఐసీ 700, అత్యవసర వైద్యానికి సమ్మతి పత్రం ఎల్‌ఐసీ 627, తల్లిదండ్రుల హక్కుల ప్రకటన ఎల్‌ఐసీ 995ఏ, టీకాల వివరాలు కూడా అప్పుడే సరిచూసుకోవచ్చు. మీరు లేనప్పుడు పిల్లలను చూసే సహాయకురాలికి ఈ ఫైళ్లు ఎక్కడున్నాయో, ఏ బిడ్డకు ఏ నియమం వర్తిస్తుందో తెలిసి ఉండాలి.

నిద్రలో బిడ్డకు ఏదైనా జరిగితే?

బిడ్డ స్పందించకపోయినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే సీపీఆర్ (ఛాతీ నొక్కుతూ నోటి ద్వారా ఊపిరి అందించడం) మొదలుపెట్టాలి, పక్కనున్నవారి చేత 911కు ఫోను చేయించాలి. ఒంటరిగా ఉంటే ఫోనును స్పీకరులో పెట్టుకుని అవతలివారు చెప్పినట్లు చేయండి. తరువాత తల్లిదండ్రులకు తెలియజేయాలి. లైసెన్సింగ్ కార్యాలయానికి మరుసటి పనిదినం ముగిసేలోగా తెలిపి, ఏడు రోజులలోగా ఎల్‌ఐసీ 624బీ పత్రంలో రాతపూర్వక నివేదిక పంపాలి. ఆ రోజు పట్టికను దిద్దడం గాని, కొట్టివేయడం గాని, తిరగరాయడం గాని చేయకూడదు.

బిడ్డకు ఏడాది నిండింది. పత్రాన్ని పారేయవచ్చా?

పారేయవద్దు, ఆ బిడ్డ ఫైలులోనే ఉంచండి. ఏడాది నిండాక కొత్తగా నిద్ర ప్రణాళిక రాయనక్కరలేదు గాని, రెండేళ్లు నిండేవరకు పదిహేను నిమిషాల పట్టిక కొనసాగుతుంది. క్రిబ్ ఎక్కి దిగడం మొదలుపెట్టిన బిడ్డను ఇంకా అందులోనే పడుకోబెడితే పడిపోయే ప్రమాదం ఉంది. అప్పుడు నేల మీద పరిచే మ్యాట్‌కు గాని తక్కువ ఎత్తున్న కాట్‌కు గాని మార్చి, మార్చిన సంగతి అదే రోజు తల్లిదండ్రులకు తెలియజేయండి.